నాగన్న కూతురు కట్టించిన ఈతకొలను

పామిడి పెద్ద బజారు వెనక సందులో ఒక కుట్టుమిషను పట్టేంత చోటు సంపాదించడం సువార్త గెలిచిన మొదటి గెలుపు. చెప్పుకోవడానికి చిన్నదే. కాని పెన్న ఒడ్డు పేట నుంచి వచ్చిన ఆడపిల్లకు ఆ సందులో గది అద్దెకు ఇచ్చేవాడు ఆ రోజుల్లో ఒక్కడూ లేడు. ఆమె వెనక్కి తిరిగి పోలేదు. ఆ ఎండాకాలమంతా సందు మొదట్లో గొడుగు పాతి, దాని కింద మిషను పెట్టి కుట్టింది. గాలి లేస్తే బట్ట మీద గోనె కప్పేది, అణిగితే మళ్లీ తొక్కేది. చివరికి ఆమె చేత రవికె కుట్టించుకున్న గది యజమాని భార్యే మొగుడితో పోట్లాడి, తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ తర్వాత గెలుపులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పేటలో మొదటి కరెంటు మిషను ఆమెది. పామిడి నైటీలు ఊరూరికీ పోయే కాలం వచ్చేసరికి టోకు వ్యాపారులు బట్ట తానులు తెచ్చి ఆమె వాకిట్లో దించి పోయేవాళ్లు. పేటలో కూలికి పోయే ఆడవాళ్లను పిలిచి మిషను మీద కూర్చోబెట్టింది. ఇద్దరు బిడ్డలను డిగ్రీలు చదివించింది. చర్చి దాటినాక ఉన్న చీనీ తోట, అదే బత్తాయి తోట, కొన్నది. చుట్టూ అందరి బోర్లూ దుమ్ము కక్కిన ఏడాది ఆమె బోరులో నీళ్లు పడ్డాయి. పేట పుట్టినప్పటి నుంచి ఇంత చేసిన మనిషి, ఆడ గానీ మగ గానీ, ఇంకొకరు లేరు. ఈ మాట ఎవరి ముందు చెప్పడానికైనా పేటకు వెరపు లేదు.

ఇంత చేసిన మనిషి ఒక్కచోట మాత్రం ఓడిపోయి కూర్చునేది. చర్చిలో, చివరి వరసలో, ప్రభు బల్ల జరిగే ఆదివారం. రొట్టె, రసం చేతులు మారుతూ వచ్చేవి. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఒక మనిషిని దాటుకుని పక్కకు పోయేవి. బాప్తిస్మం పొందనివాళ్లకు అవి ఇవ్వరు. ముప్పై ఏళ్లుగా అవి ఆమెను దాటిపోతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఆమె తల వంచకుండా, ముందు వరసలో ఉన్న ఒక తెల్లజుట్టు తలను చూస్తూ కూర్చునేది. ఆ తల సంఘ పెద్ద జాకబ్‌ది.

ఆ సంఘానికి ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం నాడు పాస్టరు నడుముదాకా నీళ్లలో నిలబడతాడు. సంఘ పెద్ద ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ తండ్రి పేరుతో కలిపి పిలుస్తాడు. ఆ పిలుపు చెవిన పడనిదే ఎవరూ నీళ్లలో కాలు పెట్టకూడదు. సువార్తకు పంతొమ్మిదేళ్లప్పుడు, పెన్నలో నీళ్లు పారిన ఏడాది, ఆమె తెల్లచీర కట్టుకుని వరసలో నిలబడింది. "నాగన్న కూతురా, సువార్తా, నీళ్లలోకి రా" అని జాకబ్ పిలిచాడు. ఆమె దిగింది. పాస్టరు ఆమె తల మీద చెయ్యి పెట్టబోతుండగా అవతలి ఒడ్డు నుంచి తప్పెట మోత వచ్చింది. అక్కడ అమ్మవారి జాతర. ఆ తప్పెట కొడుతున్నది సువార్త తండ్రి నాగన్నే.

నాగన్నకు అది తాతల నాటి పని. కొడితే ఇంట్లో గింజలు, లేకపోతే లేదు. సంఘంలో చేరినాక కూడా జాతర పిలుపు వస్తే పోయేవాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, జాకబ్‌కూ తెలుసు. తెలిసి ఊరుకోవడం వేరు. పదిమంది ముందర చెవిన పడితే ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"నిలపండి" అన్నాడు జాకబ్. "ఆ తప్పెట నిలిచేదాకా ఈ పిల్లకు పిలుపు లేదు. బయటికి రా."

తడిసిన తెల్లచీరతో ఆమె ఇసుకలో నడిచి, రోడ్డెక్కి, జాతరకు పోయే జనానికి ఎదురుగా పేటకు వచ్చింది. తల్లి ఎలిజబెత్ కొంగు విప్పి కూతురి వీపు మీద కప్పుతూ వెనకాలే వచ్చింది. మరుసటి ఆదివారం నాగన్న చర్చి మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పెట దించేసినాను పెద్దాయనా. ఇంక ముట్టుకోను. పిల్లను పిలువు."

"సూద్దాం. మనసు మారిందో లేదో ఒక ఏడాది సూద్దాం" అన్నాడు జాకబ్.

ఏడాది తర్వాతా అదే మాట. తప్పెట వదిలిన నాగన్న కంకర మిషను దగ్గర పనికి పోయాడు. ఆ దుమ్ము రొమ్ముకు పట్టి, బిడ్డకు పిలుపు రాకముందే పోయాడు. మట్టి వేసి వచ్చిన సాయంత్రం సువార్త తల్లితో చెప్పింది: "మాయమ్మా, మా నాయన పేరు పెట్టి, ఆ నోరే నన్ను పిలవాల. అంతదాకా ఇంకో సంఘంలో, ఇంకో నీళ్లలో నేను మునిగేది లేదు." గుత్తి నుంచి ఒక పాస్టరు వచ్చి తమ సంఘంలోకి రమ్మన్నా పోలేదు. చర్చిలో పెండ్లి కుదరక, లారీ డ్రైవరు కుళ్లాయప్పతో రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకుంది. అదీ జాకబ్ లెక్కలోనే వేసుకుంది.

నిరుడు, చర్చికీ చీనీ తోటకూ నడుమ ఉన్న బీడు చేతికి రాగానే కొత్త ఇల్లు మొదలుపెట్టింది. అనంతపురం నుంచి ఇంజనీరు జయచంద్ర ప్లాను చుట్ట పట్టుకుని వచ్చాడు. ఇల్లు, వరండా, కారు షెడ్డు అన్నీ గీసుకొచ్చాడు. ఆమె అంతా చూసి, వేలు పెట్టి చర్చి వైపు గోడ చూపించింది.

"ఈడ ఈతకొలను రావాల. మొదట అది గియ్యి. మిగిలిన చోట్లో ఇల్లు కట్టు."

కుళ్లాయప్ప తాగుతున్న టీ గ్లాసు దించాడు. "నీకు ఈత వచ్చునా?"

"రాదు."

"నాకూ రాదు. మరి యెవరి కోసరం, చీనీ చెట్ల కోసరమా?"

జయచంద్ర నవ్వు ఆపుకుని పెన్సిలు తీశాడు. "ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క ఆరడుగులు లోతు పెడదామమ్మా. దిగేదానికి స్టీలు నిచ్చెన."

"లోతు నాకొద్దప్పా. అంతా ఒకటే, నా నడుముదాకా. నిచ్చెన కాదు, మెట్లు. ఇద్దరు మనుషులు పక్కపక్కన దిగేంత వెడల్పు."

"నడుములోతులో ఈత ఎట్ల కొడతారమ్మా?"

"కొట్టేది ఈత కాదులే" అంది సువార్త. "ఇంకోటి. చర్చి పక్క గోడ ఎత్తు తగ్గించు. చర్చి మెట్ల మీద కూర్చున్నోళ్లకు నీళ్లు కనపడాల."

అప్పటికి కుళ్లాయప్పకు అర్థమైంది. పెండ్లాం ముఖం చూసి మిగిలిన టీ తాగేశాడు.

గుంత తవ్వుతున్న నాళ్లలో పేటలో నోళ్లు ఊరుకోలేదు. బిందె నీళ్లకు జుట్లు పట్టుకుంటున్న చోట ఈతకొలనా అన్నారు. కుళాయి దగ్గర ఒకామె గట్టిగానే అంది: "మనకు గొంతు తడవకున్నా, ఆమె ఒళ్లు తడవాల!" సువార్త గుంత పని ఆపించి, ముందు తోట బోరు నుంచి పైపు లాగించి, ప్రహరీ బయట కుళాయి పెట్టించింది. పేట అంతా పట్టుకున్నా తరగని నీళ్లు. ఆ తర్వాత గుంత పని మళ్లీ మొదలైంది. కుళాయి దగ్గర అన్న ఆమె మొదటి బిందె పట్టుకుని పోయింది, ఎవరి ముఖమూ చూడకుండా.

నోరు మూయనివాడు జాకబ్ ఒక్కడే. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు. ఆ చర్చి గోడలకు బండలు మోసినవాళ్లలో ఆయనా ఉన్నాడు, ఆ హక్కు ఎవరూ కాదనరు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మెట్ల మీద నిలబడి, పక్కింటి గుంత వైపు చేతికర్ర చూపించాడు.

"నీలం టైల్సు వేసి, సినిమావాళ్ల మాదిరి అర గుడ్డలతో దిగేదానికి చేస్తాండారు. దేవుని ఇంటి పక్కన ఇదేం పని?"

ఆ సాయంత్రమే సువార్త ఫోను తీసింది. "జయచంద్రా, నీలం టైల్సు వద్దు. తాడిపత్రి నల్లబండ పరిచెయ్. రేవు మాదిరి ఉండాల."

"ఆర్డరిచ్చేసినానమ్మా!"

"నీ బాత్రూములో వేసుకో."

తరువాత ఎండలు ముదిరాయి. మే నెలాఖరులో బాప్తిస్మం పెట్టుకోవాలని సంఘం అనుకుంది. ఈసారి వరసలో జాకబ్ మనవరాలు కృపాకుమారి ఉంది. జూన్ పద్దెనిమిదిన ఆ పిల్ల పెండ్లి. బాప్తిస్మం పొందనిదే చర్చిలో పెండ్లి చెయ్యరు. ఆ కట్టుబాటు జాకబ్ పెట్టిందే. పెన్నలో చుక్క లేదు. మునుపు ఇసుకలో గుంత తవ్వితే నడుములోతు ఊరేది. ఇసుక లారీలు తిరిగి తిరిగి ఆ ఊట కూడా పోయింది. సంఘం మగవాళ్లు పారలు పట్టుకుని పోయి పొద్దంతా తవ్వారు. పాదాలు తడిసేంత బురద ఊరింది. గోడలు విరిగి అది కూడా పూడిపోయింది. కణేకల్ కాలువకు బస్సు కట్టుకుని పోదామంటే ఎండాకాలం కాలువ మూసేశారు. పక్క సంఘంవాళ్ల తొట్టి అడుగుదామంటే జాకబ్ ఒప్పుకోలేదు.

అప్పుడు కొత్త పాస్టరు దైవసహాయం సువార్త వాకిట్లోకి వచ్చాడు. కుర్రవాడు, ఈ సంఘానికి వచ్చి ఏడాది కాలేదు.

"అక్కా, మీ కొలను అయిపోవచ్చింది కదా. ఒక్క పూట సంఘానికి ఇస్తారా?"

"ఇస్తానయ్యా. అడగాల్సినోళ్లు వచ్చి అడిగితే ఇస్తా."

"నేను అడుగుతాండాను కదక్కా."

"నువ్వు నన్ను నీళ్లలోంచి బయటికి పంపలేదు నాయనా. నీతో నాకేం పని?"

దైవసహాయం పోయి జాకబ్‌కు చెప్పాడు. జాకబ్ వేరే అడ్డు తీశాడు. "మనం పారే నీళ్లలో మునిగే సంఘం. అది నిలవ నీళ్ల గుంత. పనికిరాదు."

సువార్త మళ్లీ ఇంజనీరును పిలిపించింది. జయచంద్ర ఈసారి భయంభయంగా వచ్చాడు.

"నీళ్లు పారాల" అంది.

"కొలనులో నీళ్లు పారవమ్మా. నిలబడితేనే అది కొలను."

"బోరు నీళ్లు ఈ పక్క నోటిలోంచి రావాల, ఆ పక్క నోటిలోంచి పోవాల. పోయిన నీళ్లు చీనీ పాదుల్లోకి దిగాల. ఎట్లా రోజూ పారించే నీళ్లే. దారిలో ఒకసారి ఈడ ఆగి పోతాయి, అంతే."

జయచంద్ర కాసేపు కాగితం చూశాడు, తోట వాలు చూశాడు, తల గోక్కున్నాడు. "ఒక్క చుక్క వృథా పోదు" అన్నాడు నెమ్మదిగా. మేస్త్రి నల్లబండ పగలగొట్టి రెండు వైపులా నోళ్లు తీశాడు. నీళ్లు వదిలిన రోజు పేట అంతా గోడ అవతల నిలబడి చూసింది. బోరు నీళ్లు తెల్లగా దూకి, నల్లబండ మీద నడుములోతు ఎక్కి, అవతలి నోట్లోంచి సన్నగా జారి, చీనీ చెట్ల కిందికి పాకుతూ పోయాయి. ఎర్రమట్టి ఆ నీళ్లు తాగే చప్పుడు వినిపించింది.

ఇక జాకబ్‌కు మిగిలింది ఒకటే. ఆదివారం ప్రార్థన కాగానే లేచి నిలబడి, సువార్త పేరెత్తకుండా అన్నాడు: "బాప్తిస్మం లేని మనిషి ఇంటి నీళ్లలోకి సంఘం దిగదు. ముందు ఇల్లుగలామె నీళ్లలో మునగాల. ఆ తర్వాతే ఎవరైనా."

ఆ మాట నోటి నుంచి జారినాక గానీ అందులో ఏముందో ఆయనకు తెలియలేదు. చివరి వరసలో సువార్త అప్పటికే లేచి నిలబడింది. ముప్పై ఏళ్లలో ఆమె ఆ చర్చిలో గొంతెత్తడం అదే మొదలు.

"సరే పెద్దాయనా. ముందు నేనే మునగాల. మన సంఘంలో పిలుపు లేకుండా ఎవరూ దిగరు కదా. పిలిచేదెవరు?"

వెనకెక్కడో పసిబిడ్డ ఏడిస్తే తల్లి నోరు మూసింది. జాకబ్ కర్ర నేలకు ఆనించి కూర్చున్నాడు. సువార్త కూడా కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లో రెండు పూటల కూర ఒకే పూటకు వండింది. కుళ్లాయప్ప తింటూ, "ముసలాయనతో ఇంతేనా, ఇంకా ఉండాదా?" అని అడిగాడు. "ఇంకా మొదలే కాలేదు" అంది.

రెండు రోజులు జాకబ్ ఇల్లు కదలలేదు. మూడోనాడు కృపాకుమారి ఒక్కతే వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది.

"అత్తా, నేను లోపలికి రావచ్చునా? నేను కూడా మునగలేదు."

సువార్తకు నవ్వు వచ్చింది. "రా. నీళ్లలోకే వద్దు, వాకిట్లోకి రావచ్చు."

"మా తాత అన్నం తినడంల్యా. నా కోసరమన్నా..."

"మా నాయన కూడా తినలేదమ్మా. ఏడాదిన్నర తినీ తినకుండా, మీ తాత ముందర చర్చి మెట్ల కింద నిలబడినాడు. నీ మీద నాకు కోపంల్యా. నీ పెండ్లికి జాకెట్టు నేనే కుట్టిస్తా. కానీ మీ తాతనే రమ్మను."

గురువారం పొద్దున జాకబ్ వచ్చాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో పక్క మనవరాలు, వెనక పాస్టరు. గోడ అవతల చర్చి మెట్లు నిండిపోయాయి. సువార్త కొలను అంచున ప్లాస్టిక్ కుర్చీ వేయించింది. ఆయన కూర్చోలేదు. నోటికి పైట అడ్డం పెట్టుకోకుండా, చేతులు కట్టుకోకుండా, సువార్త కొలను మెట్ల పైన నిలబడింది.

"సువార్తా" అన్నాడు.

"అట్ల కాదు పెద్దాయనా. ఎట్ల పిలవాలో మీకు తెలుసు."

జాకబ్ గొంతు సవరించుకున్నాడు. "నాగన్న..." అని ఆగాడు. ఆ పేరు ఆయన నోట రాక ఎన్నేళ్లయిందో. "నాగన్న కూతురా, సువార్తా, రా."

"యాడికి?"

"నీళ్లలోకి."

"గోడ అవతల వినపడలేదంటాండారు."

కృపాకుమారి తాత చెయ్యి గట్టిగా పట్టుకుంది. జాకబ్ మెడ నరాలు లేచాయి. "నాగన్న కూతురా! సువార్తా! నీళ్లలోకి రా!"

ఆ కేక చీనీ తోట దాకా పోయింది. సువార్త కళ్లు మూసుకుని అంతా విన్నది. పేరు, దాని వెనక ఇంకో పేరు, ఆ పిలుపు. ఒంటి మీద ఇంకా ఎక్కడో అంటుకుని ఉన్న ఆ పాత తెల్లచీర ఆరిపోయినట్టనిపించింది. కళ్లు తెరిచేసరికి పాస్టరు చొక్కా చేతులు మడుచుకుంటూ మెట్లు దిగబోతున్నాడు.

"ఆగు నాయనా. ఈ పొద్దు కాదు."

"ఏందమ్మా మళ్లీ?" అన్నాడు జాకబ్. గొంతు అరిగిపోయి ఉంది.

"నన్ను బయటికి పంపింది మాయమ్మ సూసింది. లోపలికి పోయేది కూడా ఆమె సూడాల. బళ్లారిలో మా చెల్లెలింట్లో ఉండాది. కంటికి పొర వచ్చి ముఖాలే కనపడటంల్యా. రేపు ఆపరేషన్. నేను ఈ మధ్యాహ్నం బస్సుకు పోతాండా. డాక్టరు సరేనన్నాక, పిలుచుకొని వస్తా."

"నువ్వొచ్చేదాకా మిగిలినోళ్ల పని ఈ నీళ్లలో కానియ్యి" అన్నాడు జాకబ్. "బిడ్డ పెండ్లి దగ్గరికొచ్చింది."

"ముందు ఇల్లుగలామె మునగాల, ఆ తర్వాతే ఎవరైనా. మీ నోటి మాటే కదా పెద్దాయనా, నేను తప్పిస్తే బాగుంటాదా?"

జాకబ్ అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె పట్టుదల ఎక్కువైందని పేటలో కొందరు అన్నారు. ముసలాయన పిలిచేశాడు కదా, దిగితే పోయేది కదా అన్నారు. అననీ. చేతులు కట్టుకుని మెట్ల కింద నిలబడిన నాగన్నను చూసినవాళ్లు ఆ మాట అనలేదు. సువార్త తాళాలు కుళ్లాయప్ప చేతికిచ్చి, "బోరు రోజూ వదులు, కొలను ఎండగూడదు, కాలు మాత్రం ఎవరిదీ పడగూడదు" అని చెప్పి బస్సెక్కింది. పెండ్లాం మాట ప్రకారం కుళ్లాయప్ప పొద్దున్నే నీళ్లు వదిలేవాడు. నల్లబండ మీద నీళ్లు నిండి, పారి, చీనీ చెట్లకు చేరేవి.

ఆ రోజు నుంచి జాకబ్ పొద్దుపొద్దున్నే చర్చి మెట్ల మీదికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. ముందర గోడ, గోడ అవతల నడుములోతు నీళ్లు. జూన్ పద్దెనిమిది అని వేసిన పెండ్లి పత్రికలు అచ్చయి ఇంట్లో ఉన్నాయి, పంచడానికి ధైర్యం చాలలేదు. బోరు స్విచ్చి వేయడానికి వచ్చే కుళ్లాయప్పను చూడగానే కర్ర ఎత్తి పిలిచేవాడు.

"ఏమప్పా, ఫోను వచ్చిందా? కంటి కట్టు విప్పినారంటనా?"

"విప్పినారంట పెద్దాయనా. మా అత్త గోడ మీద క్యాలెండరు అంకెలు కూడా సదువుతాండాదంట."

"మరి యెప్పుడొస్తారు?"

కుళ్లాయప్ప స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని, అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా అదే చెప్పేవాడు. "పద్నాలుగో తేదీ పెద్దాయనా. జూన్ పద్నాలుగు, ఆదివారం."